టెక్సాస్ నుంచి బే ఏరియాకు: ఒక స్టెప్‌డౌన్ నర్సు ఉద్యోగ ప్రయత్నం

క్యాలిఫోర్నియాలో నర్సుల కొరత ఉన్నదని పత్రికలు రాస్తాయి. అనుభవమున్న నర్సు ఇక్కడికి వచ్చి నెలల తరబడి ఒక్క పిలుపు కోసం ఎదురుచూస్తుంది. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవని ఒప్పుకోవడానికి ఈ కేసులోని నర్సుకు చాలాకాలం పట్టింది. ఆమె భర్త ఇప్పటికీ సగమే ఒప్పుకుంటాడు.

నేను క్యాలిఫోర్నియాలోని ఒక ఆసుపత్రిలో నర్స్ మేనేజర్‌ను. కొత్తవారిని తీసుకునేటప్పుడు బల్లకు ఇటువైపు కూర్చుంటాను. ఈ నర్సు నా యూనిట్‌కు దరఖాస్తు చేయలేదు, నా ఆసుపత్రికీ ఈ కథకూ సంబంధం లేదు. తెలిసినవారి ద్వారా సలహా కోసం వచ్చింది. ఆమె అనుమతితో, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. టెక్సాస్, నార్త్ కరోలినా, ఒహాయో లాంటి చోట్ల పనిచేస్తూ, భర్త ఉద్యోగం మారడం వల్ల ఇటు రావలసి వస్తున్న తెలుగు నర్సులు ఏటా కొందరు నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు.

ఆమె చేతిలో ఉన్నవి

గుంటూరు ప్రాంతంలో బీఎస్సీ నర్సింగ్ చదివింది. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి గుండె శస్త్రచికిత్సల ఐసీయూలో రెండేళ్ళు చేసింది. అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసయింది, వీసా కోసం విదేశీ నర్సుల అర్హతలు సరిచూసే వీసాస్క్రీన్ చేయించుకుంది, ఉద్యోగం ఆధారంగా ఇచ్చే ఈబీ-3 కోటాలో గ్రీన్ కార్డు మీద టెక్సాస్ వచ్చింది. అక్కడ కార్డియాక్ స్టెప్‌డౌన్‌లో, అంటే ఐసీయూకూ మామూలు వార్డుకూ మధ్య స్థాయి గుండె రోగుల యూనిట్‌లో, ఆరేళ్ళు పనిచేసింది. చివరి రెండేళ్ళు రాత్రి షిఫ్టులలో తరచుగా ఛార్జ్ నర్సు (ఆ షిఫ్టులో యూనిట్‌ను నడిపే నర్సు) బాధ్యత కూడా చూసింది. ఒక పాప, రెండో తరగతి. భర్తకు బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, ఉద్యోగం వచ్చింది. పాప బడి సెలవులు చూసుకుని ఫ్రీమాంట్‌లో అద్దె ఇంటికి మారారు.

టెక్సాస్‌లో రాజీనామా చేసేనాటికి ఆమెకు ఉద్యోగం గురించి బెంగ లేదు. డాలస్‌లో ఒక ఉద్యోగం వదిలితే వారంలో ఇంకొకటి దొరికేది. పైగా జీతం లెక్కలు ఊరిస్తున్నాయి. కార్మిక గణాంకాల బ్యూరో 2023 మే లెక్క ప్రకారం క్యాలిఫోర్నియాలో రిజిస్టర్డ్ నర్సు సగటు వార్షిక వేతనం 1,37,690 డాలర్లు. టెక్సాస్‌లో అది 90 వేల దగ్గర ఉంది. ఇంటి అద్దె పెరిగినా గట్టెక్కుతామని భార్యాభర్తలు లెక్క వేసుకున్నారు. ఆ లెక్కలో తప్పు లేదు. అయితే ఆ అంకె చూసి దేశం నలుమూలల నుంచీ వచ్చే నర్సులందరూ ఒకే ఇరవై ఆసుపత్రుల వైపు చూస్తారన్న సంగతి దానిలో లేదు.

నా దగ్గరకు వచ్చేసరికి ఆమె ఎన్ని దరఖాస్తులు పెట్టిందో ఆమెకే గుర్తులేదు. భర్తకు గుర్తుంది. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, రంగురంగుల పట్టిక తయారుచేసి పెట్టాడు. దానిలో ఎరుపు గడులే ఎక్కువ. "అక్కా, నాలో ఏదో లోపం ఉండబట్టే కదా ఇలా అవుతోంది" అన్నది మొదటి ఫోనులోనే. ఊరి నుంచి చుట్టాలు అడిగే ప్రశ్న కూడా అదే రకం: "అంత జీతాలిచ్చే చోట నీకొక్కదానికే దొరకలేదా?"

లైసెన్సు

పట్టిక చూడగానే ఒక సంగతి అర్థమైంది. మొదటి రెండు నెలల్లో పెట్టిన దరఖాస్తులు ఏ మనిషి కంటా పడి ఉండవు. అప్పటికి ఆమె దగ్గర ఉన్నది టెక్సాస్ లైసెన్సు. టెక్సాస్ 2000లోనే నర్సు లైసెన్సుల కాంపాక్ట్‌లో చేరింది. ఆ ఒక్క లైసెన్సుతో సభ్యత్వమున్న రాష్ట్రాలన్నిటిలో పనిచేయవచ్చు. క్యాలిఫోర్నియా దానిలో చేరలేదు. పొరుగున ఉన్న ఆరిగాన్, నెవాడా కూడా చేరలేదు. దరఖాస్తు ఫారంలో "క్యాలిఫోర్నియా రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు ఉన్నదా?" అని ఒక ప్రశ్న ఉంటుంది. లేదు అని నొక్కితే చాలా ఆసుపత్రుల కంప్యూటరు అక్కడే పక్కన పెట్టేస్తుంది. రిక్రూటర్ వరకు చేరదు. అంటే ఆ ఎరుపు గడులు ఆమె పనితనం మీద ఎవరూ చెప్పిన తీర్పు కాదు. ఈ మాట చెప్పినప్పుడు ఫోనులో అవతల కాసేపు మాట లేదు. తరువాత, "అయితే నన్నింకా ఎవరూ చూడనే లేదా!" అన్నది.

ఇతర రాష్ట్రాల నర్సులు క్యాలిఫోర్నియా నర్సింగ్ బోర్డుకు ఎండార్స్‌మెంట్ పద్ధతిలో, అంటే ఉన్న లైసెన్సు ఆధారంగా, దరఖాస్తు చేయాలి. టెక్సాస్ లైసెన్సు ధ్రువీకరణ నర్సిస్ అనే నర్సు లైసెన్సుల డేటాబేస్ ద్వారా ఆన్‌లైన్‌లోనే వెళుతుంది, చిటికెలో పని. వేలిముద్రలు రెండో మెట్టు. క్యాలిఫోర్నియాలో ఉంటే లైవ్ స్కాన్ కేంద్రానికి వెళ్ళి యంత్రం మీద వేళ్ళు పెట్టి రావచ్చు. బయటి రాష్ట్రంలో ఉంటే కాగితపు కార్డు మీద సిరా ముద్రలు పోస్టులో పంపాలి. అది నెమ్మది, ముద్రలు సరిగా పడకపోతే తిరిగి వస్తుంది కూడా. ఈమె డాలస్ నుంచి కార్డు పంపింది. ఇల్లు చూసుకోవడానికి భర్తతో కలిసి ఫ్రీమాంట్ వచ్చిన వారాంతంలోనే లైవ్ స్కాన్ చేయించుకుని ఉంటే సరిపోయేది.

అసలు చిక్కు మూడోది. చదువు భారతదేశంలో అయినవారి విషయంలో బోర్డు కళాశాల నుంచి నేరుగా ట్రాన్స్‌క్రిప్టులు అడుగుతుంది. వాటితోపాటు ఒక ఫారం ఉంటుంది. ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలు పాఠం, ఎన్ని గంటలు వార్డులో శిక్షణ అన్నది విడివిడిగా కళాశాలవారే నింపి, సంతకం చేసి, ముద్ర వేసి పంపాలి. జనరల్ మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల వైద్యం, మానసిక వైద్యం, ఈ అయిదింటికీ లెక్క కనిపించాలి. మన మార్కుల జాబితాలో మార్కులుంటాయి కానీ ఈ గంటలుండవు. "వీసాస్క్రీన్ అప్పుడు ఇవన్నీ ఒకసారి పంపించాను కదా" అన్నది ఆమె. అది వేరే సంస్థ, వేరే ఫైలు.

కళాశాలలో అప్పటి ప్రిన్సిపాల్ లేరు. ఆఫీసులో ఉన్న గుమాస్తాకు ఆ ఫారం ఏమిటో తెలియదు. గంటల బదులు మార్కులే మళ్ళీ వేసి ఒకసారి పంపారు. చివరికి ఆమె నాన్నగారు, రిటైరైన బడిపంతులు, ఆమె బ్యాచ్ నాటి సిలబస్ పుస్తకం ప్రతి తీయించి, ఏ గడిలో ఏ అంకె పడాలో పెన్సిలుతో రాసి, ఇప్పటి ప్రిన్సిపాల్ ముందు పెట్టి, సంతకం అయ్యేదాకా బల్ల మీద కూర్చున్నారు. రెండోసారి వెళ్ళిన కవరు బోర్డు అంగీకరించింది. విదేశీ చదువున్న నర్సులకు నేను చెప్పే మొదటి మాట ఇదే: రాష్ట్రం మారే ఆలోచన రాగానే, భర్తకు ఆఫర్ రాకముందే, ఈ ఫారం ఇండియాకు పంపండి. లైసెన్సు వచ్చి వాడకపోయినా పోయేదేమీ లేదు.

రెజ్యూమే

లైసెన్సు చేతికొచ్చాక కూడా కొన్ని వారాలు నిశ్శబ్దమే. అప్పుడు రెజ్యూమే అడిగాను. రెండు పేజీలు, చూడడానికి పొందికగా ఉంది. "రోగులకు నాణ్యమైన సంరక్షణ అందించాను", "బృందంతో సమన్వయంగా పనిచేశాను", "మందులు సకాలంలో ఇచ్చాను". ఈ మూడు వాక్యాలు తీసుకెళ్ళి దంత వైద్యశాల సహాయకురాలి రెజ్యూమేలో పెట్టినా అతుకుతాయి.

నా బల్ల మీదకు ఒక ఖాళీకి వందల్లో కాగితాలు వచ్చినప్పుడు నేను వెతికేవి చాలా మామూలు సంగతులు. ఎన్ని పడకల యూనిట్, ఏ రకం రోగులు, షిఫ్టుకు ఎంతమంది, ఏ డ్రిప్పులు సొంతంగా సర్దుబాటు చేసింది, ఏ పరికరాలు వాడింది, చార్టింగ్ (రోగి వివరాల నమోదు) ఎపిక్ అనే సాఫ్ట్‌వేర్‌లోనా మరొకదానిలోనా. ఇవి తెలిస్తే ఈ నర్సుకు ఎన్ని వారాల ఓరియెంటేషన్ సరిపోతుందో అంచనా వేస్తాను. మేనేజర్ కొనేది ఆ వారాలనే. ఓరియెంటేషన్‌లో ఉన్న నర్సుకు జీతం ఇస్తాం, ఆమె పక్కన ఉండి పని నేర్పే ప్రిసెప్టర్‌కూ ఇస్తాం, రోగులను మాత్రం ఒక్కరి వాటాయే చూస్తారు.

అందుకని ఆమెను ప్రశ్నలు అడిగి, జవాబులే కాగితం మీద పెట్టించాను. ఇరవై ఎనిమిది పడకల కార్డియాక్ స్టెప్‌డౌన్. యాంజియోప్లాస్టీ అయి వచ్చినవారు, గుండె వైఫల్యం రోగులు, పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు. తొడ రక్తనాళం నుంచి షీత్ (చికిత్స కోసం పెట్టిన సన్నని గొట్టం) తొలగింపు. అమియోడరోన్, డిల్టియాజెం, నైట్రోగ్లిజరిన్, హెపారిన్ డ్రిప్పులు. ఎపిక్. రాత్రి ఛార్జ్. ఇదంతా ఆమె ఆరేళ్ళుగా చేస్తున్నదే. కానీ, "ఇవి అందరూ చేసేవే కదా అక్కా, గొప్పగా ఏం రాసుకుంటాం" అని వదిలేసింది. హైదరాబాద్ అనుభవాన్ని ఒక మూలకు నెట్టింది. బైపాస్ అయిన రోగులను మొదటి రాత్రి చూసిన అనుభవం అది, రెండు పంక్తులైనా దక్కాలి. చిరునామా డాలస్‌దే ఉంది, మార్పించాను. ఫోను నంబరు టెక్సాస్ కోడ్ అయితే పిలవరని కొందరు అంటారు. దానికి నేను విలువ ఇవ్వను.

ఒకటి మాత్రం తొందరపెట్టాను. స్టెప్‌డౌన్ నర్సులకు పీసీసీఎన్ అనే ధ్రువీకరణ పరీక్ష ఉంది. నూట ఇరవై అయిదు ప్రశ్నలు, రెండున్నర గంటలు. అది రాయడానికి, గడిచిన రెండేళ్ళలో రోగుల దగ్గర 1,750 గంటలు పనిచేసి, వాటిలో 875 చివరి ఏడాదిలో ఉండాలి; లేదా గడిచిన అయిదేళ్ళలో 2,000 గంటలు చేసి, వాటిలో 144 చివరి ఏడాదిలో ఉండాలి. ఉద్యోగం లేని ప్రతి నెలా ఆ చివరి ఏడాదిని తినేస్తుంది. ఆమె గంటలు ఇంకా సరిపోతున్నాయి, ఇంకొన్ని నెలలు పోతే సరిపోవు. పాప బడికి వెళ్ళిన వేళల్లో చదివి పాసయింది. ఆ అక్షరాలు పేరు పక్కన ఉండడం వల్లనే ఉద్యోగం వచ్చిందని చెప్పలేను. ఖాళీగా ఉన్న నెలలను కాగితం మీద చూపడానికి మాత్రం అంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

ఖాళీలు ఎక్కడుంటాయి

ఆమె దరఖాస్తులన్నీ ఒకే తీరు: బే ఏరియా, ఫుల్ టైమ్, పగలు లేదా రాత్రి, స్టెప్‌డౌన్ లేదా టెలిమెట్రీ (గుండె లయను మానిటర్ మీద గమనించే వార్డు). పేరున్న ఆసుపత్రులు. అందరూ పెట్టేవీ అవే.

ఇక్కడి పెద్ద ఆసుపత్రులలో చాలా వాటిలో నర్సులకు యూనియన్ ఉంది. యూనియన్ ఒప్పందం ప్రకారం ఖాళీ ఏర్పడగానే ముందు లోపలివారికి ప్రకటిస్తారు. కొన్ని రోజుల పాటు వారే దరఖాస్తు చేసుకోవాలి, వారిలో సీనియారిటీకి ప్రాధాన్యం. పగటి షిఫ్టు ఖాళీ అయితే రాత్రి నర్సు దానిలోకి వస్తుంది, ఆమె రాత్రి షిఫ్టులోకి పార్ట్ టైమ్ నర్సు వస్తుంది, ఆమె స్థానంలోకి పర్ డీమ్ నర్సు వస్తుంది. ఈ గొలుసు అంతా జరిగాక మిగిలిన చివరి ముక్కే బయటివారికి కనిపించేది. ఒక్కోసారి బయటి ప్రకటన వేసేనాటికే లోపల ఒకరు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి ఉంటారు. ప్రకటన నియమం కోసం నడుస్తుంది, అంతే.

పర్ డీమ్ అంటే నెలకు ఇన్ని షిఫ్టులు, కొన్ని వారాంతాలు, ఒక పెద్ద పండుగ రోజు చేస్తానని ఒప్పుకోవడం. గంటకు జీతం ఎక్కువే, ఆరోగ్య బీమా ఉండదు. రోగులు తగ్గిన రోజు ముందుగా రద్దయ్యేది ఆ షిఫ్టే. ఇలాంటి ఉద్యోగాలు ఈ రాష్ట్రంలో ఇంతగా ఉండడానికి కారణం, నర్సులు ఇక్కడికి రావాలనుకునే కారణం, రెండూ ఒకటే. 1999లో ఆమోదించిన ఏబీ 394 చట్టం ప్రకారం 2004 జనవరి నుంచి నర్సుకు ఎంతమంది రోగులుండాలో హద్దు ఉంది. ఇప్పుడు ఐసీయూలో ఇద్దరు, స్టెప్‌డౌన్‌లో ముగ్గురు, టెలిమెట్రీలో నలుగురు, మెడికల్ సర్జికల్ వార్డులో అయిదుగురు. ఈ హద్దు షిఫ్టు పొడవునా నిలవాలి. నర్సు భోజనానికి వెళ్ళిన అరగంటలో కూడా ఆమె రోగులను మరొకరి హద్దు దాటేలా అప్పగించకూడదు. అందుకే విరామానికి వెళ్ళినవారి బదులు నిలబడేందుకు నర్సులు కావాలి, ఒకరు జ్వరమని ఫోను చేస్తే ఆ చోటు నింపక తప్పదు. పర్ డీమ్ జాబితా ఆ అవసరం నుంచే పుట్టింది. ఆమె ఒక్క పర్ డీమ్ ఖాళీకి కూడా దరఖాస్తు పెట్టలేదు. "అది దినకూలీ లాంటిది అన్నారు అక్కా మావారు" అన్నది.

అయితే వెంటనే పర్ డీమ్ కూడా కష్టమే. చాలామంది మేనేజర్లు పర్ డీమ్ నర్సుకు ఓరియెంటేషన్ రెండు మూడు షిఫ్టులే ఇస్తారు. క్యాలిఫోర్నియా ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం ఉంటే అడుగు ముందుంటుంది. అందుకని ముందు వెతికే ప్రాంతం మార్చమన్నాను.

కొరత, మిగులు రెండూ ఒకే రాష్ట్రంలో ఉండడం ఇక్కడే తేలుతుంది. బే ఏరియాలో నర్సింగ్ కళాశాలలు ఎక్కువ, జీతాలు ఎక్కువ, వచ్చినవారు కదలరు. తూర్పున ఆల్టమాంట్ కొండలు దాటి శాన్ వాకీన్ లోయలోకి దిగితే పరిస్థితి వేరు. అక్కడి ఆసుపత్రులు అనుభవమున్న కార్డియాక్ నర్సుల కోసం ఏడాది పొడవునా వెతుకుతూనే ఉంటాయి.

ట్రావెల్ నర్సుగా వెళ్ళడం గురించి కూడా మాట్లాడుకున్నాం. పదమూడు వారాల కాంట్రాక్టులు, డబ్బు బాగుంటుంది. చిన్న పాపతో ఆమెకు కుదరలేదు. పైగా చాలా ఆసుపత్రులు యాభై మైళ్ళ లోపు నివసించేవారిని ట్రావెలర్లుగా తీసుకోవు. ఇంటి దగ్గర ఒక నర్సింగ్ హోమ్ (ఇక్కడ ఆ మాటకు అర్థం వృద్ధుల సంరక్షణ కేంద్రం) ఉద్యోగం ఇస్తానన్నది. వద్దన్నాను. ఆమెకున్న విలువ మానిటర్ల దగ్గరి తాజా అనుభవమే, అది చల్లారితే తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఇంట్లో రెండో జీతం తప్పనిసరి అయివుంటే ఇదే సలహా ఇచ్చేదాన్ని కాదు.

లోయలో దారి చూపింది తెలుగువారు కాదు. మన సంఘాలలో, లివర్‌మోర్ గుడిలో, వాట్సాప్ గుంపులలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు రెఫరల్ అరగంటలో దొరుకుతుంది, నర్సు ఉద్యోగానికి దొరకదు. మలయాళీ నర్సులది, ఫిలిప్పీన్స్ నర్సులది వేరే తీరు, వారికి తరాల అల్లిక ఉంది. టెక్సాస్‌లో ఆమెతో పనిచేసిన ఒక మలయాళీ నర్సు వదినగారు లోయలోని ఒక ఆసుపత్రిలో ఉన్నారు. ఆవిడ రెజ్యూమే తీసుకెళ్ళి మేనేజర్ చేతిలో పెట్టారు. అదే వారంలో ఫోను వచ్చింది.

ఇంటర్వ్యూ

ఈ కేసులో నేను ఎక్కువ సమయం గడిపింది దీని మీదే. అంతకుముందు బే ఏరియాలో ఆమెకు దక్కిన ఒకే ఒక ఇంటర్వ్యూ పోయింది. ఏమడిగారో, ఏం చెప్పిందో గుర్తున్నంతవరకు రాయమన్నాను.

"డాక్టరుతో మీరు విభేదించిన సందర్భం చెప్పండి" అన్న ప్రశ్నకు ఆమె జవాబు: "నాకు అలాంటి సమస్య ఎప్పుడూ రాలేదు. డాక్టర్లందరితో మంచి సంబంధాలున్నాయి." మన దగ్గర పెరిగిన నర్సు ఇంతకంటే మర్యాదైన జవాబు చెప్పలేదు. బల్లకు ఇటువైపు కూర్చున్నవారికి మాత్రం దాని అర్థం వేరు: ఈ నర్సు రాత్రి రెండు గంటలకు డాక్టరును నిద్రలేపడానికి భయపడుతుంది.

"షిఫ్టుకు ఆరుగురు రోగులను కూడా చూశాను" అని గర్వంగా చెప్పింది. టెక్సాస్‌లో చట్టం హద్దు పెట్టలేదు, సిబ్బంది తగ్గిన రాత్రుల్లో అలా జరిగేది. అది ఓర్పే, కాదనను. ఇక్కడ దాన్ని అలా వదిలేస్తే, హద్దు దాటినా నోరెత్తదేమో అనిపిస్తుంది. యూనియన్ ఉన్న యూనిట్‌లో తోటి నర్సులు కూడా ఇంటర్వ్యూ బృందంలో కూర్చుంటారు. వారికి అది నచ్చదు.

అన్ని జవాబులలో "మేము" ఉంది. మేము గమనించాం, మేము పిలిచాం. నువ్వేం చేశావమ్మా అని అడిగితే చెప్పడానికి మొహమాటం.

ఒక ఆదివారం మా ఇంట్లో టీ తాగుతూ టెక్సాస్ కబుర్లు చెబుతూ, మాటల్లో మాటగా ఒక రాత్రి సంగతి చెప్పింది. తొడ రక్తనాళం ద్వారా యాంజియోప్లాస్టీ అయి వచ్చిన రోగి. నడుము నొప్పి అంటున్నాడు. గంటల తరబడి వెల్లకిలా పడుకోబెట్టాం కాబట్టి నొప్పే అని డాక్టరు ఫోనులో మాత్ర రాయించారు. గాయం దగ్గర వాపు లేదు, నాడి వేగం కూడా పెరగలేదు. రక్తపోటు మాత్రం కొలిచిన ప్రతిసారీ కొద్దికొద్దిగా జారుతోంది. నాడి పెరగకపోవడం ఆమెకు ఊరట ఇవ్వలేదు. అతను మెటోప్రొలాల్ మీద ఉన్నాడు, ఆ మందు నాడిని పెరగనివ్వదు. పొత్తికడుపు వెనుక లోలోపల రక్తం కారుతుంటే బయటకు కనిపించేది నడుము నొప్పే. మళ్ళీ ఫోను చేసింది. పొద్దున చూద్దామన్నారు. అప్పుడామె పరిస్థితి దిగజారుతున్న రోగిని వెంటనే వచ్చి చూసే ర్యాపిడ్ రెస్పాన్స్ బృందాన్ని పిలిచింది. సీటీలో రక్తస్రావం తేలింది, రోగి ఐసీయూకు వెళ్ళాడు, బతికాడు.

"ఇది ఎందుకు చెప్పలేదు ఇంటర్వ్యూలో?" అన్నాను.

"డాక్టరు మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుందేమో అనుకున్నా అక్కా."

ఆ ఒక్క సంఘటనను రెండు నిమిషాల్లో చెప్పడం సాధన చేయించాను. డాక్టరును తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. తాను ఏం చూసింది, ఏం అనుమానించింది, ఎవరిని ఏ వరుసలో పిలిచింది, ఏమైంది. "మేము" వచ్చిన ప్రతిసారీ ఆపాను. మొదట్లో "నేను" అన్నప్పుడల్లా గొంతు తగ్గేది. భర్తను పక్కన కూర్చోబెట్టి చెప్పించాను. పట్టిక మనిషి మొదటిసారి తన భార్య పని ఏమిటో విన్నాడనుకుంటాను, మధ్యలో ఫోను కింద పెట్టేశాడు.

ఆరుగురు రోగుల సంగతినీ తీసేయలేదు, తిప్పాం. ఆ రాత్రి ఎవరిని ముందు చూసింది, ఛార్జ్‌గా ఉన్నప్పుడు సూపర్‌వైజర్‌కు ఏమని చెప్పి మనిషిని అడిగింది, రాకపోతే పని ఎలా పంచింది అన్నది చెబితే అదే అనుభవం బలమవుతుంది. ఇక్కడి నిష్పత్తుల నియమం తెలుసునని ఒక వాక్యం, విరామాల నియమం తెలుసునని మరొకటి.

లోయలోని ఆసుపత్రి అడిగిన మూడో ప్రశ్నే డాక్టరుతో విభేదం గురించి. ఆ సాయంత్రమే ఆఫర్ వచ్చింది, ఫుల్ టైమ్ రాత్రి షిఫ్టు.

లోయ నుంచి వెనక్కి

వారానికి మూడు రాత్రులు, ఒక్కో వైపు గంటకు పైగా ప్రయాణం. ఉదయం ఏడున్నరకు షిఫ్టు దిగి కొండల మీదుగా నిద్రమత్తులో కారు నడపడం ప్రమాదమని మొదటే షరతు పెట్టాను. వరుస షిఫ్టుల మధ్య పగలు అక్కడే పడుకోవాలి, ఇంటికి రాకూడదు. ఇంకో నర్సుతో కలిసి ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకుంది. అత్తగారు తెనాలి నుంచి సందర్శకుల వీసా మీద ఆరు నెలలకు వచ్చి పాపను చూసుకున్నారు. ఆవిడ రాకపోతే ఈ ప్రణాళిక నిలిచేది కాదు. పిల్లల సంరక్షణకు ఇక్కడ పెట్టే ఖర్చు లెక్కవేస్తే లోయ జీతంలో పెద్ద భాగమే పోయేది.

కొన్ని నెలలు గడిచాక బే ఏరియాలో పర్ డీమ్ ఖాళీలకు దరఖాస్తులు మొదలుపెట్టించాను. ఈసారి రెజ్యూమేలో మొదటి పంక్తి క్యాలిఫోర్నియా ఆసుపత్రి, స్టెప్‌డౌన్, ముగ్గురు రోగుల నిష్పత్తి. పిలుపులు వచ్చాయి. ఇంటికి దగ్గరలో ఒక ఆసుపత్రి టెలిమెట్రీలో పర్ డీమ్‌గా చేరింది. లోయ ఉద్యోగాన్ని వెంటనే వదలలేదు, అక్కడ కూడా పర్ డీమ్‌కు మారింది. కుటుంబానికి బీమా భర్త కంపెనీ నుంచి ఉంది కాబట్టి ఇది చేయగలిగింది. బీమా తన మీదే ఆధారపడిన నర్సుకు ఈ అడుగు వేయమని నేను చెప్పను.

పర్ డీమ్‌లో ఉన్నన్నాళ్ళు ఆమెకు నేను చెప్పినవి రెండే. ఆదివారం ఉదయం ఆరింటికి స్టాఫింగ్ ఆఫీసు ఫోను చేస్తే, వీలున్నంతవరకు వస్తాననడం. ఏ యూనిట్‌కు పంపినా ముఖం ముడుచుకోకుండా వెళ్ళడం. మేనేజర్లం ఇవి రాసిపెట్టుకోం కానీ మరచిపోం. రాత్రి షిఫ్టులో 0.6 ఖాళీ, అంటే వారానికి రెండు పన్నెండు గంటల షిఫ్టులు, లోపలివారికి ప్రకటించినప్పుడు యూనియన్ బోర్డు మీద చూసిన మొదటి రోజే పెట్టింది. సీనియర్లు రాత్రి వద్దన్నారు. ఆమెకు వచ్చింది. ఆ ఖాళీ బయట ఎప్పుడూ కనిపించలేదు. భర్త పట్టికలో దానికి గడి కూడా లేదు.

ఇప్పటికీ 0.6 మీదే ఉంది, పైన అదనపు షిఫ్టులు తీసుకుంటుంది. 0.9కు ఎదురుచూస్తోంది. సీనియారిటీ జాబితాలో అడుగున ఉంది కాబట్టి సంక్రాంతి సెలవు ఇంకా దొరకలేదు.

ఈ దారి అందరికీ సరిపోదు. అప్పుడే నర్సింగ్ పూర్తిచేసి, ఒక్క రోజు కూడా పనిచేయకుండా బే ఏరియాకు వచ్చినవారికి లోయలో కూడా ఇంత సులువు కాదు. వారికి దారి కొత్త నర్సుల రెసిడెన్సీ కార్యక్రమాలు, అంటే ఆసుపత్రులే ఉద్యోగంలోకి తీసుకుని ఇచ్చే శిక్షణ. ఏడాదికి కొన్నిసార్లే తెరుచుకుంటాయి, గడువు తేదీలు ముందే తెలుసుకోవాలి. అలాంటివారికి, వీలైతే ఉన్న రాష్ట్రంలోనే ఒక ఏడాది ఆసుపత్రి అనుభవం పూర్తిచేసి రమ్మంటాను, ఆ ఏడాది భార్యాభర్తలు రెండు ఊళ్ళలో ఉండవలసి వచ్చినా సరే. పదిహేనేళ్ళు ఒకే యూనిట్‌లో చేసి వచ్చిన సీనియర్ల చిక్కు వేరు. వారికి ఉద్యోగం త్వరగానే వస్తుంది, కానీ సీనియారిటీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు, వేతన మెట్టు లెక్కలో బయటి రాష్ట్రం అనుభవాన్ని ఎన్నేళ్ళుగా కలుపుతారో రిక్రూటర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోవాలి.